ఒక్క రోజుకే చోటున్న ల్యాప్‌టాప్

మనిషి పుట్టగానే వీపు వెనక ఒక రికవరీ పార్టిషన్ పెట్టి పంపకపోవడం సృష్టిలో జరిగిన అతి పెద్ద పొరపాటని నేను సవినయంగా మనవి చేస్తున్నాను. తొందరపడి అంటున్న మాట కాదిది. ముప్పై ఏళ్ళుగా బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్నవాణ్ణి. ఒక మాట అనే ముందు దాన్ని మనసులో నల్లబల్ల మీద రాసి, రెండుసార్లు చెరిపి, మూడోసారికి గాని పైకి అనను.

రికవరీ పార్టిషన్ అంటే ఏమిటని మీలో కొందరు అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. మొన్న ఫిబ్రవరి వరకు నాకూ తెలియదు!

ఈమధ్య చిన్న ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి, చూశారు కదా? పలక కంటే కాస్త పెద్దవి, టిఫిన్ క్యారియర్ కంటే తేలికైనవి. వాటికి సీడీ పెట్టే అర ఉండదు. పెద్ద కంప్యూటర్‌కు జబ్బు చేస్తే సీడీ వేసి బాగుచేస్తారు. దీనికి నోరే లేదు, మందు ఎక్కడ పోస్తారు? అందుకని దాని డిస్కులోనే ఒక మూల గోడ కట్టి, ఆ గదిలో యంత్రం మొత్తానికి నకలు ఒకటి తీసి దాచి, తాళం వేస్తారు. ఎప్పుడైనా వైరస్ పట్టిందనుకోండి. ఆన్ చేస్తూనే ఎఫ్ లెవెన్ అనే మీట నొక్కడమే! గది తలుపు తెరుచుకుంటుంది. నకలు తీసిన రోజున యంత్రం ఎలా ఉందో మళ్ళీ అలా అయిపోతుంది. ఆ తర్వాత జరిగినదంతా చెరిగిపోతుంది.

గుంటూరువాళ్ళకు ఇంత వివరం అక్కర్లేదు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ అంటే చాలు. ఫిబ్రవరిలో లోపల పెట్టిన బస్తా దీపావళికి తీసినా అదే ఎరుపు, అదే ఘాటు. బయట ఎన్ని ఎండలు కాస్తే దానికేం?

దీన్ని కూడా విమర్శించేవారున్నారు. "పదహారు జీబీల డిస్కులో అయిదు జీబీలు ఆ గదికే పోతే ఇక మేమెక్కడ కూర్చోవాలి?" అంటారు. అయ్యా, ఏడాదికోసారి వచ్చే చుట్టాల కోసం మంచి గదికి తాళం వేసి, ఇంటిల్లిపాదీ వరండాలో పడుకునే జాతి మనది. అప్పుడు లేని ఇరుకు ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?

నా మాట విని ఈ సదుపాయాన్ని దేశమంతా విస్తరిస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి. గెలిచిన నాయకుడు ఊరి ముఖం చూడటం లేదా? ఎఫ్ లెవెన్ నొక్కండి. పోలింగుకు ముందురోజు స్థితికి వచ్చేస్తాడు. చేతులు జోడించి, మీ ఇంటి పసిపిల్లాడి ముక్కు తన కండువాతో తుడుస్తాడు! పదో తరగతి కుర్రాళ్ళకు కూడా పెట్టవచ్చు. పరీక్షలు కాగానే నొక్కితే జూన్ మొదటి రోజుకు వెళ్ళిపోతారు, అప్పటికింకా ఒక్క పాఠం కూడా వినని స్థితికి. అనుభవంతో చెబుతున్నాను, కొందరిలో ఏ తేడా కనపడదు.

అమరావతి రోడ్డుకు మాత్రం వద్దు. ప్రారంభోత్సవం రోజుకు తీసుకెళ్ళి చూద్దామన్నాడు మా సైన్సు మాస్టారు. ప్రారంభోత్సవానికి నేనూ వెళ్ళాను. గుంటలు ఆ రోజుకే ఉన్నాయి.

ఇక స్వవిషయం.

మా ఇంట్లో ఉన్నదీ అలాంటి చిన్న ల్యాప్‌టాపే. పేరుకు నాది, వాడింది మా ఆవిడ కోటిరత్నం. నల్లపాడులో మా వీధికంతటికీ అర్జీలు రాసిపెట్టే పని ఆవిడది. ఎవరూ అప్పగించలేదు, ఆవిడే తీసుకుంది. కుళాయి రాకపోయినా, పింఛను ఆగినా, వీధిదీపం పగలు వెలిగి చీకటి పడగానే ఆరిపోయినా జనం మా గుమ్మం ముందు నిలబడేవారు. ఆవిడ ఒకే వేలితో టైపు చేసేది. ఆ వేలంటే ఆఫీసులకు కొంత భయం ఉండేది.

అలా రాసిన కాయితాలన్నీ ఆవిడ ఎక్కడ దాచిందనుకుంటున్నారు? తెర మీద ఓ మూలన ఉండే చెత్తబుట్టలో!

నవ్వకండి. ముందు ఆవిడ వాదన వినండి. పర్చూరు దగ్గర మిరప, పత్తి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. మొదటి రోజే నేను చెప్పాను, అది అక్కర్లేనివి పడేయడానికని.

"బుట్టలో చెత్త వేస్తారా ఎక్కడన్నా?" అంది. "మా ఇంట్లో అట్లా వేస్తే మా అమ్మ వీపు చీరేసేది. బుట్టలో కాయలు వేస్తాం, పత్తి వేస్తాం. చెత్తకి పాత చేట ఉంటుంది. దీన్ని చేసినవాడెవడో గాని జన్మలో చేలోకి దిగినట్టు లేదు!"

"అది కాదు రత్నం, ఆ బుట్ట..."

"పైగా చూడండి, వేసిన కాయితాలు పైకి కనపడతన్నాయి. మీ బీరువాలో కనపడతాయా?"

దీనికి జవాబు మీకు దొరికితే రాయండి.

అప్పటినుంచి రోజూ బుట్టలోంచి కాయితం బయటికి తీసేది, రాసేది, మళ్ళీ బుట్టలో వేసేది. ఏడాదిన్నరలో ఒక్కటి పోలేదు. అదే ఏడాదిన్నరలో బడిలో తాళం వేసిన నా బీరువాలోంచి రెండు హాజరుపట్టీలు పోయాయి. ఏది భద్రమో మీరే తేల్చండి.

నిరుడు శ్రావణంలో ఆవిడ పోయింది. అయిదు రోజుల జ్వరం. బుట్టలో నలభై మూడు కాయితాలున్నాయి. నేను వాటిని తీయలేదు, తెరవలేదు.

జనవరిలో ల్యాప్‌టాప్‌కు జబ్బు చేసింది. పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి తెర నీలంగా మారి నిలిచిపోయేది. ఒకరోజు మూడుసార్లు, మరునాడు అయిదుసార్లు. అది పోతే పోనీ, యంత్రం. దానితోపాటు ఆ బుట్ట కూడా పోతుందేమోనన్నదే నా బెంగ. అందుకే మార్క్‌ను పిలిచాను.

మార్క్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ తెల్లచొక్కాతోనే మా ఇంటికి వచ్చాడు. యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"మాస్టారూ, ఇది రేపో మాపో అన్నట్టుందండీ. మొత్తం చెరిపేసి కొత్తగా విండోస్ ఎక్కిస్తా. ఆ కొత్తదానికి నకలు తీసి లోపల రికవరీ పెట్టేస్తా. ఇంక మీరు నన్ను పిలవక్కర్లా. ఎఫ్ లెవెన్ కొడితే ఎప్పుడైనా సరే, షాపులోంచి అప్పుడే తెచ్చినట్టుంటది."

అంటూనే ఉన్నాడు, చేయి బుట్ట మీదికి పోయింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ అదొక అలవాటట. ఏ యంత్రం ముందు కూర్చున్నా మొదట బుట్ట ఖాళీ చేస్తారట. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ నలభై మూడింటినీ తొలగించమన్నది ఖాయమేనా, అని.

ముప్పై ఏళ్ళలో తరగతి గదిలో కూడా నేనంత గట్టిగా అరవలేదు.

"ఆగరా!"

మార్క్ నిప్పు తగిలినట్టు చేయి వెనక్కి తీసుకున్నాడు. "చెత్తబుట్టేగా మాస్టారూ!"

"అందులో అమ్మగారి అర్జీలున్నాయి."

"చెత్తబుట్టలోనా?"

"బుట్టలో."

నా కేకకు ఎదురింటి జోహరాబీ పరుగెత్తుకొచ్చింది. కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుందావిడ. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. చేతిలో చీపురు కూడా ఉంది.

"ఏంది మాస్టారూ ఆ అరుపు? పామేమన్నా వచ్చిందా?"

విషయం చెప్పాను. ఆవిడ నేరుగా మార్క్ వైపు తిరిగింది.

"ఏరా మార్కూ, రత్నమ్మ కాయితాలు చెరిపేస్తావా? నా రేషన్ కార్డు అర్జీ అందులోనే ఉంది. ఆ బుట్ట జోలికెళ్ళావంటే నీ వేళ్ళు తొడిమలు తీసినట్టు తీస్తా!"

"నేనింకా ఏం చేయలేదక్కా! అయినా నీ కార్డు వచ్చేసిందిగా, ఇంకా అర్జీ దేనికి?"

"రేపు మళ్ళీ తీసేస్తే?" అంది జోహరాబీ. "ఈసారి ఎవరు రాసిస్తారు?"

మార్క్ ప్రశ్న ఉన్న పెట్టెలో 'కాదు' అన్నచోట నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోనీ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానండీ, భద్రంగా ఉంటాయి" అన్నాడు. వేశాడు. ఆ పెన్‌డ్రైవ్ బీరువాలో ఉంది. అయినా నాకు తృప్తి కలగలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ఫైళ్ళు. బుట్టలో ఉన్నవి ఆవిడ పెట్టిన కాయితాలు. ఈ తేడా మార్క్‌కు బోధించాలంటే నాకు ఒక పీరియడ్ చాలదు. అందుకని ఆజ్ఞ మాత్రం ఇచ్చాను.

"కొత్తదానికి నకలు వద్దు. ఇప్పుడు ఎలా ఉందో అలాగే తీయి."

"వైరస్‌తో సహానా?"

"వైరస్ తీసెయ్యి. మిగతాది ఉండనీ."

"మిగతాదంటే మాస్టారూ..." అని వాడు తెర వంక జాలిగా చూశాడు. "ఈ టాస్క్‌బార్ పట్టీ కిందుండాలండీ, పైకెక్కి కూర్చుంది. ఒక్క నిమిషంలో దించేస్తా."

"దించకు. అది తోరణం."

ఆ పట్టీ ఎప్పుడో ఆవిడ చేయి తగిలి పైకి వెళ్ళింది. కిందికి దించడం మా ఇద్దరికీ చేతకాలేదు. గుమ్మానికి తోరణం పైనే కడతారు గాని కింద కడతారా అని ఆవిడ తీర్పు చెప్పింది. ఆనాటినుంచి మా ఇంట్లో అది తోరణమే.

"అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. వీటినన్నా తగ్గించనా?"

"వద్దు."

"మీరు బడిలో నా దస్తూరీ చూసి ఏమనేవాళ్ళో గుర్తుందా మాస్టారూ? దీన్ని చూసి ఒక్క మాట కూడా అనట్లేదు!"

"వాడికి సమాధానం చెప్పండి మాస్టారూ," అని జోహరాబీ గుమ్మంలో కూర్చుని నవ్వింది. చీపురు మాత్రం వదల్లేదు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. నకలు దాచే గదికి చోటు చాలదట. ఏదో ఒకటి తీసేయాలట. మార్క్ కళ్ళు మళ్ళీ బుట్ట వైపు తిరిగాయి. జోహరాబీ చీపురు కూడా కదిలింది.

"అవి కాదు, నావి తీసెయ్యి," అన్నాను.

నావి చాలానే ఉన్నాయి. ఉపాధ్యాయులకు ఏటా వేసవిలో ఇచ్చే శిక్షణ తాలూకు వీడియోలు నాలుగు జీబీలున్నాయి. పిల్లల్ని ఆనందంగా ఉంచడం ఎలాగో ఒక పెద్దమనిషి పదకొండు గంటలపాటు ఒక్కసారి కూడా నవ్వకుండా వివరిస్తాడు. అవి పోయాయి. సన్మానాల ఫోటోలు పోయాయి. నా ప్రశ్నపత్రాలన్నీ పోయాయి. ఈ వార్త విని మా బడి పిల్లలెవరూ కంటతడి పెట్టినట్టు సమాచారం లేదు.

చూశారా ఎంత గొప్ప సదుపాయమో! నిన్నటికి గది కట్టాలంటే ఇవాళ్టి సామాను వీధిలో పెట్టాలి. ఈ సూత్రం మీద రాజ్యాలే నడుస్తున్నాయి.

నకలు తీయడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. మార్క్ టీ తాగాడు. తెర మీద ఒక ఆకుపచ్చ గీత చిలకలూరిపేట వెళ్ళే పత్తి లారీలా మెల్లగా పాకుతోంది. దాన్ని చూస్తూ నేను మా హెడ్మాస్టరు బుల్లయ్యగారిని తలుచుకున్నాను.

బుల్లయ్యగారు నా మేలు కోరేవారు. ముందురోజే నన్ను తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించి, "శివరామకృష్ణగారూ, ఆరు నెలలు దాటింది. ఇక మీరు మళ్ళీ పాత మనిషి కావాలండీ," అన్నారు. ఆయన ఒక్కరే కాదు. బస్సులో కండక్టరు, కొట్టు దగ్గర కోమటి, పెళ్ళిళ్ళలో ఎదురయ్యే చుట్టాలు, అందరిదీ అదే మాట. పాత మనిషి కావాలి, మామూలు మనిషి కావాలి.

నేనా మాటను సీరియస్‌గానే తీసుకున్నాను. ఏ పాత మనిషి? ఇరవై ఆరేళ్ళ కింద, పెళ్ళికి ముందటివాడా? వాణ్ణి నేనెరుగుదును. వాడికి అన్నం వార్చడం రాదు. చొక్కాకు పై గుండీ ఉండేది కాదు. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే గోడ మీద క్యాలెండరు చూసేవాడు. వాణ్ణి తెచ్చి బడిలో కూర్చోబెడితే బుల్లయ్యగారు వారం తిరక్కుండా బదిలీకి రాస్తారు!

సలహా ఇచ్చేవారందరి ఉద్దేశం అదే కాబోలు. షాపులోంచి తెచ్చిన రోజుకు పొమ్మంటున్నారు. ఎవరూ ఇంకా ఏమీ రాయని రోజుకు, బుట్ట ఖాళీగా ఉన్న రోజుకు. వారి మీద నాకు కోపం లేదు. మొదట బుట్ట ఖాళీ చేయడం వారికీ అలవాటై ఉంటుంది.

గీత చివరికి చేరింది. "ఇప్పుడు పరీక్ష పెట్టాలి మాస్టారూ," అన్నాడు మార్క్. "నొక్కి చూడకపోతే పెట్టినట్టు కాదు. ఏదన్నా తేడా వస్తే..." అని ఆగాడు.

"తేడా వస్తే?"

"రాదులెండి."

వాడు ఎఫ్ లెవెన్ నొక్కాడు. తెర నల్లబడింది. బాగా నల్లబడింది. జోహరాబీ లేచి నిలబడింది. మార్క్ కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. ఆదివారం రెండోసారి ప్రార్థన చేసినట్టున్నాడు. యంత్రం తీరిగ్గా తనను తాను చెరుపుకుని, తీరిగ్గా తనను తాను రాసుకుంది. అరగంట గడిచింది. నేను క్యాలెండరు చూశాను.

చివరికి తోరణం పైనే వచ్చింది. గుమ్మడికాయలంత అక్షరాలు వచ్చాయి. మూలన బుట్ట, బుట్టలోంచి పైకి కనపడుతూ కాయితాలు.

"ఉన్నయ్!" అని జోహరాబీ వీధంతా వినపడేలా అరిచింది. "మార్కూ, నీ చెయ్యి చల్లగుండ! నా కార్డు కాయితం కూడా ఉందా, చూడు!"

"ఉందక్కా. పదిహేడోది."

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ వెళ్ళాక మొదటిసారిగా బుట్ట తెరిచాను. వరసగా చదివాను. కుళాయి గురించి ఏడు. పిచ్చయ్య పింఛను గురించి నాలుగు, ఒకదానికంటే ఒకటి ఘాటు. నల్లపాడు స్టేషన్‌లో బల్ల విరిగిందని ఒకటి. నలభై మూడోది జూలై నెలాఖరులో రాసింది. దాని ప్రింటు తీయించలేదు. అది నాకు రాసినది.

"గౌరవనీయులైన శివరామకృష్ణగారికి. విషయం: వంటింట్లో ట్యూబులైటు కొట్టుకొనుట గురించి. మూడవ జ్ఞాపిక. అయ్యా, పై విషయం రెండు నెలలుగా తమ దృష్టికి తెచ్చినను చర్య తీసుకొనలేదు. పప్పులో రాళ్ళు కనపడుట లేదు. అవి మొదట తమ పళ్ళకే తగులునని తెలియజేసుకొనుచున్నాను. ఇట్లు, కోటిరత్నం."

మొదటి రెండు జ్ఞాపికలూ నోటితో గుర్తుచేసినవై ఉంటాయి. ఆదివారం మారుస్తాననే అన్నాను. నేను మాట తప్పే మనిషిని కాను. ఏ ఆదివారమో మాత్రం చెప్పలేదు. ఆ ట్యూబులైటు కార్తీకంలో మార్చాను, ఎవరూ అడగకుండానే.

అర్జీ వచ్చాక జవాబు ఇవ్వడం మర్యాద. వెంటనే టైపు చేశాను. "శ్రీమతి కోటిరత్నం గారికి. తమరి మూడవ జ్ఞాపిక అందినది. ట్యూబులైటుతోపాటు చోకు, స్టార్టరు కూడా మార్చడమైనది. ఇప్పుడు కొట్టుకోవడం లేదు. ఆలస్యానికి చింతిస్తున్నాను." మా ఇంటి పద్ధతి ప్రకారం దాన్ని తీసుకెళ్ళి బుట్టలో వేశాను. నలభై నాలుగు.

ఏప్రిల్‌లో బడి పెన్‌డ్రైవ్ నుంచి ల్యాప్‌టాప్‌కు మళ్ళీ వైరస్ పట్టింది. నేను కంగారు పడలేదు. ఎఫ్ లెవెన్ నొక్కాను. అరగంటలో యంత్రం కడిగిన పలకలా వచ్చింది. తెరిచి చూస్తే బుట్టలో నలభై మూడున్నాయి. ఆవిడ అర్జీ ఉంది, నా జవాబు లేదు.

మార్క్‌ను అడిగాను. "మీ జవాబు ఆ రోజుకింకా రాయలేదుగా మాస్టారూ, ఎట్లా వస్తది?" అన్నాడు. "కావాలంటే ఇవాళ్టి నకలు తీసి గదిలో పెడతా. కాని పాతది తీసెయ్యాలి. ఆ గదిలో ఒక్క రోజుకే చోటుంది."

వద్దన్నాను.

మళ్ళీ జవాబు రాశాను. జూన్‌లో మళ్ళీ పోయింది. మళ్ళీ రాశాను. ఈ సదుపాయాన్ని ఇంతసేపు పొగిడిన నోటితో ఫిర్యాదు చేయడం బాగుండదు గాని, ఒక్కటి మాత్రం దాచలేను. ఎంత దూరం వచ్చినా వెనక్కి తీసుకెళ్తుంది, నిజమే. కాని తీసుకెళ్ళిన ప్రతిసారీ నన్ను ట్యూబులైటు మార్చనివాడిగానే దింపుతుంది. ఈ సంగతి బుల్లయ్యగారికి ఎలా చెప్పాలో ఇంకా తెలియలేదు. నల్లబల్ల మీద రాస్తున్నాను, చెరుపుతున్నాను.

నిన్న మూడోసారి నొక్కాను. అరగంట ఆగి, కుర్చీ లాక్కుని, మళ్ళీ జవాబు రాసి బుట్టలో వేశాను. అభ్యాసం ఎంత గొప్పదో చూడండి! "ఆలస్యానికి చింతిస్తున్నాను" అన్న వాక్యం ఇప్పుడు మీటలు చూడకుండా టైపు చేయగలను.